గంట మోగిన తర్వాత

రోబోల పోటీ సెమీఫైనల్లో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. కుర్రాళ్లు ముక్కు చీదుకుంటూ రోబోను పెట్టెలో సర్దుతున్నారు. వాళ్ల మాస్టారు మాత్రం లేచి తిన్నగా రిఫరీ బల్ల దగ్గరికి వెళ్లాడు.

“వీడియో ఆపి ఆపి చూడండి మేడమ్. గంట మోగాక కూడా అవతలివాళ్ల రోబో కదిలింది. ఎడమ వెనక చక్రం.”

రిఫరీ చూసింది. నిజమే. చక్రం చిటికెనవేలి మందాన దొర్లి ఆగింది.

“దీనివల్ల వాళ్లకి ఒరిగిందేముంది మాస్టారూ? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?”

“వేలంత కదిలినా, హాలంతా తిరిగినా పెనాల్టీ పది పాయింట్లేనని మీ రూల్సే అంటున్నాయి. నేను రాశానా?”

రాసినవాళ్లని మనసులో తిట్టుకుంటూ ఆమె పది పాయింట్లు కోసేసింది. ఒక్క బంతీ వదలకుండా బుట్టలో వేసిన జట్టు ఇంటికి. రెండు బంతులు జారవిడిచిన జట్టు ఫైనల్స్‌కి.

“అయినా అంత దూరం నుంచి ఎలా కనిపెట్టారండీ? మీది డేగ కన్ను!” అంది రిఫరీ.

మాస్టారు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

అవతలి జట్టులో రోబో నడిపిన అమ్మాయి రిమోట్ కింద పెట్టి అతన్నే చూస్తోంది. ఏడవలేదు, పోట్లాడలేదు. రెంటిలో ఏదో ఒకటి చేసినా బాగుండుననిపించింది అతనికి.

“పాపం, ఆ అక్కకి ఇదే ఆఖరి ఏడాదట సార్. మళ్లీ పోటీకి రానివ్వరట,” అన్నాడు ఒక కుర్రాడు.

“తెలుసు,” అన్నాడు మాస్టారు.

కుర్రాళ్లు అతన్ని భుజాల మీదకి ఎత్తుకున్నారు. చప్పట్లు కొట్టారు. అతనికి తల కొట్టేసినట్టయింది. అసలు నోరు విప్పకూడదనే అనుకున్నాడు. తీరా రెండు పాయింట్లనేసరికి నాలుక ఆగలేదు.

తప్పేముంది, రూలు రూలే కదా అని దారి పొడుగునా తనకి తను నచ్చజెప్పుకున్నాడు. నచ్చలేదు. పావుగంట దారికి స్కూటరు మీద ఊరంతా తిరిగాడు. చివరికి ఇంటి ముందు దిగి, ముఖం చెల్లక, బెల్లు నొక్కకుండా అలాగే నిలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది.

“ఆ చక్రం ఆగట్లేదని నిన్న అన్నం తింటూ నీకొక్కడికే కదా నాన్నా చెప్పాను,” అంది రోబో నడిపిన అమ్మాయి.