ఊపిరి పాఠం

“ఎవరికే మెడికేషన్?”

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ప్రేమజ్యోతి చెప్పులు విడవకుండానే అడిగింది. నర్సు చెవి కదా, ముందు మాత్రే వినబడుతుంది.

“మెడికేషన్ కాదు మమ్మీ, మెడిటేషన్,” అంది జెస్సీ. “మైండ్‌ఫుల్‌నెస్ క్యాంపు. టీనేజ్ పిల్లలకి. శుక్రవారం, శనివారం. వీణ ఆంటీ నడుపుతున్నారు.”

“మైండ్ ఫుల్లవడానికి క్యాంపు దేనికమ్మా? నాది ఇంట్లో కూర్చునే ఫుల్లయింది,” అన్నాడు సోఫాలోంచి యిర్మీయా.

“అందుకే నువ్వూ రా డాడీ. పిల్లలతో పాటు పెద్దవాళ్లొకరు కూర్చోవాలి. రూలు.”

“కూర్చోవడమైతే సరే. కంపెనీలో రెండు నెలలుగా అదే నా ఉద్యోగం.”

జెస్సీ నవ్వుకుంటూ తన గదిలోకి వెళ్లింది. తలుపు పడ్డాక ప్రేమజ్యోతి గొంతు తగ్గించింది.

“మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెబుతా.”

“పది రోజుల్నుంచి ఇదే మాట. ప్రయాణానికి ఇంకా రెండు వారాలే ఉంది.”

సౌదీవాళ్లకి ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు సర్కారు రంగులేసే నితాఖత్ పట్టీలో యిర్మీయా కంపెనీ పచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి పండింది. ఇక రాలడమే తరువాయి. జీతాలు కోసేశారు. ఇంటివాళ్లను దగ్గర ఉంచుకున్నందుకు కట్టే లెవీ మాత్రం ఏటేటా పెరుగుతోంది. “బైబిల్లో లేవీవాళ్లు యాజకులు. ఇక్కడ లెవీ మనల్ని యాచకుల్ని చేసింది,” అని తాముండే అల్ అజీజియా పేటలో తెలుగువాళ్లందరినీ నవ్వించేవాడు. నవ్వించి ఇంటికొచ్చి పైకప్పు చూసేవాడు.

ప్రేమజ్యోతికి ఆసుపత్రి ఇచ్చిన సొంత ఇకామా, అంటే నివాస పర్మిట్, ఉంది. అతని పర్మిట్ కింద ఉన్నది జెస్సీ ఒక్కతే. అందుకే స్నేహితుడు మస్తాన్ వలీ చేత ఆఫీసు కంప్యూటర్లో పిల్లకి దేశం విడిచి వెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించాడు. గుంటూరు కాలేజీ హాస్టల్లో సీటు కూడా దొరికింది. దొరకనిదల్లా, కోబార్‌లోనే పుట్టి, మొన్ననే ఇక్కడ పదో తరగతి పరీక్షలు రాసి, పదకొండులో ఏ గ్రూపు తీసుకోవాలా అని తగువులాడే పిల్లకి ఈ సంగతి చెప్పే నోరు.

క్యాంపు మాట వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. ధ్యానంతో పిల్ల మనసు కాస్త కుదుటపడితే ఆఖరి రోజు చెప్పేయొచ్చు.

క్యాంపు ఊరి బయట ఇస్తిరాహాలో. రోజుల లెక్కన అద్దెకిచ్చే విడిది. “పేరులోనే ఇస్త్రీ ఉంది, మనసు ముడతలు పోతాయేమోలే,” అన్నాడు యిర్మీయా. గుమ్మంలో వీణ బుట్ట పట్టుకుని నిలబడింది. రెండు రోజులూ ఫోన్లు అందులోనే.

సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. అరబ్బీ మెసేజీ. అలవాటుగా జెస్సీ చేతికిచ్చాడు. పదిహేడేళ్లుగా సౌదీలో ఉన్నా అతనికి అరబ్బీ మాట వచ్చుగానీ రాత రాదు. స్కూల్లో అరబ్బీ నేర్చుకున్న జెస్సీయే మూడో క్లాసు నుంచీ ఆ ఇంటి ఆస్థాన పండితురాలు.

“కరెంటు బిల్లు డాడీ.”

“మరి పది రోజుల కిందటి మెసేజీ డబుల్ డేటా ఆఫరన్నావు, ఇంకా పడలేదేంటి?”

“పడుతుందిలే,” అని ఫోను బుట్టలో పెట్టేసింది.

లోపల తివాచీ మీద పన్నెండుమంది పిల్లలు. పెద్దవాడు తనొక్కడే. మిగతా తల్లిదండ్రులకు డ్యూటీలేమో అనుకున్నాడు.

“పీల్చండి, ఆపండి, వదలండి,” అంటోంది వీణ.

యిర్మీయా పీల్చాడు, ఆపాడు, దగ్గాడు.

“వదలాలి యిర్మీయా గారూ.”

“పట్టుకోవడం వచ్చుగానీ వదలడమే రావట్లేదమ్మా.”

పిల్లలు కిసుక్కుమన్నారు. జెస్సీ నవ్వలేదు. అతని వీపు మీద చెయ్యి వేసి, “నాతో పాటు డాడీ. నాలుగు లెక్కపెట్టు,” అంది. ఆ రెండు రోజులూ అందరూ కళ్లు మూసుకున్నా జెస్సీ మాత్రం ఒక కన్ను తెరిచి తండ్రినే చూస్తోంది. ధ్యానంలో దొంగచూపులేంటని అతను కనుబొమలతోనే గదమాయించాడు.

శనివారం సాయంత్రం మిగతా తల్లిదండ్రులూ వచ్చారు. ప్రేమజ్యోతిని మస్తాన్ వలీ కారులో తీసుకొచ్చాడు. అందరూ గుండ్రంగా కూర్చున్నాక, మనసులో పట్టుకుని ఉన్నదేదో ఒకటి చెప్పి వదిలేయమంది వీణ. ఒకడు క్రికెట్ ఓటమి వదిలాడు, ఒకమ్మాయి లెక్కల మాస్టార్ని వదిలింది. యిర్మీయా వంతు వచ్చింది.

పీల్చాడు. ఆపాడు.

“అమ్మా జెస్సీ, నీకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాను. గుంటూరు హాస్టల్లో చదువుకోవాలి. ఇక్కడ నిన్ను ఉంచుకోవడం నావల్ల కాలేదమ్మా.”

ఆ మాటల్లో చమత్కారం లేదు.

“వదులు డాడీ,” అంది జెస్సీ. “నాలుగు లెక్కపెట్టు.” కళ్లలో నీళ్లున్నాయి గానీ ఆశ్చర్యం లేదు.

ప్రేమజ్యోతి మస్తాన్ వలీ వంక ఉరిమి చూసింది.

“అల్లా తోడు అక్కా, నేను నోరు విప్పలేదు.”

“వీణ గారూ, మరి మీరా?” ప్రేమజ్యోతి అటు తిరిగింది.

“నాకూ ఎగ్జిట్ సంగతి తెలీదండీ,” అంది వీణ. “కానీ పెద్దవాళ్లు కూర్చోవాలన్న రూలేదీ మా క్యాంపులో లేదు. డాడీ సరిగ్గా ఊపిరి కూడా తీసుకోవట్లేదు, ఆయన్నీ కూర్చోబెట్టండి అని జెస్సీయే బతిమాలింది.”

యిర్మీయా కూతురి వైపు తిరిగాడు. “మరి నీకెవరు చెప్పారమ్మా?”

“నువ్వే. ఫోను చేతికిచ్చి చదవమన్నావుగా.”

“ఏం చదవమన్నాను?”

జెస్సీ అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

“ఆ డబుల్ డేటా ఎప్పటికీ పడదు డాడీ.”