పెద్దాయన ఫోను

“రెండో మిఠాయి పెట్టె ఎవరికి నాయనా?”

ఖలందర్ వినబడనట్టు బైకు తుడుచుకుంటున్నాడు. మోటార్లకు వైండింగ్ చేసే అంగడిని ఆ పూటకు మూసేసి, పొద్దున్నే పులివెందుల బజారుకు పోయి రెండు పెట్టెలు తెచ్చాడు. ఒకటి వీధిలో పంచేశాడు. పంచక ఏం చేస్తాడు? విమానాలు బాగుచేసే చదువు చదువుతున్న కూతురు నౌషీన్‌కు హైదరాబాదులో ఒక కంపెనీ విమానాలు నిలిపే హ్యాంగర్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. నూరుమందికి పైగా రాసిన పరీక్షలో నలుగురిని మిగిల్చి, ఆ నలుగురిలో ఒక్కరినే తీసుకున్నారు. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉద్యోగం.

“నిన్నే నాయనా!” అంది నౌషీన్.

“సింహాద్రిపురంలో ఆదినారాయణప్పకు. నువ్వు గూడా రా, కలిసొద్దాం.”

“ఆయనకెందుకు?”

ఖలందర్ గుడ్డ పక్కన పెట్టాడు. దాచడం అతనికి పుట్టుకతోనే రాదు. “పోయిన నెల ఆయప్ప తోటలో మోటారు దించేదానికి పోయినా గదా. మా పాపకు ఒక మాట సాయం చెయ్యప్పా అని అడిగినా. కంపెనీ పేరు, పరీక్ష తేదీ అన్నీ కాగితంలో రాసుకున్న్యాడు. సీట్లెన్ని అన్నాడు. ఒగటే అంటి. కాగితం అటూ ఇటూ తిప్పినాడు. ‘సరే పో, నేను మాట్లాడతా’ అన్నాడు. చూస్తివా, పెద్దోళ్ల మాటంటే మాటే!”

నౌషీన్ సంతోషమంతా నీరుగారిపోయింది.

చివరి పరీక్షకు నలుగురినీ ఒక్కొక్కరిగా, వేరు వేరు రోజుల్లో పిలిచారు. ఇంజను దగ్గర ఇచ్చిన పని ముగించాక, పని పూర్తయిందని సంతకం పెట్టమని కాగితం చాపారు. నౌషీన్ పెట్టలేదు. పనిముట్లు లెక్కపెట్టుకుంది. ఒక స్పానరు తక్కువైంది. బోరులోకి మోటారు దించే ముందు సామాను లెక్క చూసుకోవడం ఆమెకు తండ్రి నేర్పిన పని. ఆ స్పానరు దొరికేదాకా సంతకం పెట్టనని ఇంజను కిందికి దూరింది. పరీక్ష పెట్టిన ఇంజనీరు నవ్వి, తన జేబులోంచి స్పానరు తీసిచ్చాడు. ఆ నవ్వే తనకు సీటు ఇచ్చిందని నౌషీన్ ఇన్నాళ్లూ మురిసిపోయింది.

“ఎంత పని చేసినావు నాయనా! ఇంక అది నా సీటు ఎట్లయితాది?”

“పిచ్చిదానా! ఎవురో ఒకరు చెప్పందే ఈడ కరెంటు స్తంభం గూడా లెయ్యదు. నీకు విమానం ఊరికే వస్తాదా?”

అతన్ని అని లాభం లేదు. పెద్దాయన చేత ఒక మాట చెప్పించడం అక్కడ పళ్లు తోముకున్నంత మామూలు. నౌషీన్ బైకెక్కింది. సలాము చెప్పడానికి కాదు, ఒక మాట తేల్చుకోవడానికి.

ఆదినారాయణ ఇల్లు చీనీ తోటను, అదే బత్తాయి తోటను, ఆనుకునే ఉంది. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బెంగళూరులో విమానాల చదువే చదివే మనవడు హర్ష సెలవులకు వచ్చి, మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

“మీ చలవతో మా పాపకు సీటొచ్చిందప్పా,” అని ఖలందర్ పెట్టె చాపాడు.

ఆదినారాయణ చెయ్యి చాపలేదు. “ఇవన్నీ ఎందుకు ఖలందరూ...” అంటూ తోట వైపు చూపు తిప్పుకున్నాడు. పెద్దమనుషులు పొగడ్తకు ఇట్లాగే మొహమాటపడతారు కాబోలు అనుకుంది నౌషీన్.

“తాతా, ఒక మాట అడుగుతా. నిజం చెప్పాల. ఆ కంపెనీకి మీరు ఫోన్ చేసినారా?”

“మ్మే!” అని గదిమాడు ఖలందర్.

“చేసినా,” అన్నాడు ఆదినారాయణ.

“గట్టిగా చెప్పినారా?”

“గట్టిగానే చెప్పినా. నాకంటే పెద్దోళ్లతో గూడా చెప్పిచ్చినా.”

ఎక్కడో మిణుకుమంటున్న ఆశ కూడా ఆరిపోయింది. నౌషీన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. బ్యాగులోంచి ఫోను తీసింది.

“అయితే నాకొద్దు తాతా. వచ్చేదీ రానిదీ ఈ పొద్దే చెప్పమన్నారు. రానని చెప్పేస్తా. వెయిటింగులో ఇంకొకరుండారంట, సీటు వాళ్లకు పోతాది. వాళ్లన్నా సొంతంగా తెచ్చుకునింటారు.”

మెట్ల మీద హర్ష తలెత్తి తాత వైపు చూశాడు.

“దీనికి మతి పోయిందప్పా!” ఖలందర్ రెండు చేతులూ జోడించాడు. “మూడేండ్లు యాడాడో హాస్టళ్లలో పడి సదివింది. నోటికాడికొచ్చిన కూడు తన్నుకుంటాంది. మీరన్నా ఒక మాట చెప్పండి.”

ఊరందరికీ మాట సాయం చేసే మనిషి, తన మాటకు తిరుగులేదని పేరు పడ్డ మనిషి, ఆ పూట మిఠాయి పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాడు. నౌషీన్ రెండు వాక్యాలు రాసింది. ఇష్టం లేదనీ, క్షమించమనీ. ఇంజను కింద దూరిన ఆ రోజు ఒక్కసారి కళ్లముందు మెదిలింది. పంపడానికి వేలు ముందుకు చాపింది.

“ఆగు పాపా!”

ఆదినారాయణ కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె చేతిలోని ఫోనుకు తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. మనవడి వైపు ఒకసారి చూశాడు.

“ఆ సీటు నేనడిగింది మా హర్షకు.”