ఇంకొక్క ముద్ద

ఇంట్లో మరిచిపోయిన కళ్ళజోడు కోసం ఆఫీసు నుంచి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది గనక ఆ సంగతి కూతురి కంటబడింది.

తల్లి మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. ఎదురుగా స్టూలు మీద ఆయా. తల్లి కోసం మెత్తగా కలిపిన అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని, తల్లి చెంచాతోనే తను తింటోంది.

"ఇంకొక్క ముద్ద," అని బతిమాలుతోంది తల్లి. "ఒక్కటంటే ఒక్కటే."

ఆయా ఆ ముద్ద కూడా తన నోట్లోనే పెట్టుకుంది.

కళ్ళజోడు లేకపోయినా ఇది మాత్రం బాగానే కనబడింది కూతురికి. ఒళ్ళు మండిపోయింది.

అసలే మతి తప్పిన మనిషి. కన్నకూతుర్నే గుర్తుపట్టలేక, ఆయా పిలిచినట్టే తనూ "మేడం గారూ" అని పిలుస్తోంది. అలాంటిదాని నోటికాడి కూడు లాక్కుంటారా ఎవరైనా?

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ భాగోతం?"

ఆయా ఉలిక్కిపడి లేచింది. "మీరనుకున్నట్టు కాదండీ. అమ్మ అడిగేది తనకోసం కాదు..."

"అమ్మేంటి? ఎవరికి అమ్మ? మా అమ్మకి నీ ఎంగిలి పెడుతున్నావా?"

"ముందు నేను తినకపోతే ఆవిడ ముట్టరండీ."

"తేరగా తినడానికి మంచి సాకే దొరికింది. నడు బయటికి."

ఆయా గిన్నె కింద పెట్టి చేతిసంచి తీసుకుంది. కళ్ళు తుడుచుకుంటూ గుమ్మం దాటుతుంటే వెనక నుంచి తల్లి గొంతు వినబడింది.

"ఎక్కడికే, చెయ్యి కూడా కడుక్కోకుండా?"

ఎవరిని చూసి ఎవరనుకుంటోందో ఏమో అనుకుంది కూతురు.

ఆమె కోపం అంతటితో చల్లారలేదు. ఆయాని పంపిన ఏజెన్సీకి ఫోన్ చేసి, రోగుల తిండి తినే మనిషిని అంటగట్టారని కడిగిపారేసింది. ఇంకే ఇంటికీ పంపొద్దని చెప్పి మరీ పెట్టేసింది. పీడ వదిలిందనిపించింది.

ఆ పూట తనే తినిపించబోయింది. తల్లి మూతి బిగించి, చెంచా పక్కకి నెట్టి, గుమ్మం వైపు చూసింది.

మర్నాడూ అంతే.

కొత్త ఆయా వచ్చింది. బుజ్జగించింది, కసిరింది, చివరికి తన వల్ల కాదని చేతులెత్తేసింది. పాలు పోస్తే చెంపల మీదుగా కారిపోయాయి. చూస్తుండగానే తల్లి మణికట్టు మీది గాజు మోచేతి దాకా జారింది.

ఇంటికొచ్చి చూసిన డాక్టరు మొహం చిట్లించాడు. "ఇన్నాళ్ళూ ఎవరు తినిపించారమ్మా?"

"ఒక ఆయా ఉండేదండీ. మాన్పించేశాను."

"మళ్ళీ పిలిపించండి. ఈవిడ ఒంట్లో ఇంక ఓపిక లేదు."

కూతురు అభిమానం చంపుకుని ఏజెన్సీకి ఫోన్ చేసింది.

"మీరే కదండీ తీసెయ్యమన్నారు?" అంది అవతలి గొంతు. "ఊరొదిలి పోయిందట. ఆ నంబరు కూడా పనిచెయ్యడం లేదు."

కూతురు వచ్చి స్టూలు మీద కూలబడింది. ఒళ్ళో గిన్నెడన్నం చల్లారిపోతోంది. ఏడుపు ఆగలేదు.

"ఎందుకు తినవమ్మా? ఏం చేస్తే తింటావు?"

తల్లి పెదవులు కదిలాయి.

"పిచ్చుక తినలేదు కదండీ. అది తినందే నాకెలా దిగుతుంది?"

కూతురి చేతిలో చెంచా ఆగిపోయింది.

పిచ్చుక తనే. చిన్నప్పుడు తిండి దగ్గర పేచీ పెట్టే తనకి అమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అంటూ ఇల్లంతా వెంటపడి తినిపించి, తన ఎంగిలి గిన్నెలోనే అమ్మ తినేది. ఆ పేరుతో పిలిస్తే పలికి, అమ్మ బతిమాలిన ప్రతి ముద్దా తింటూ, ఇన్నాళ్ళూ ఈ స్టూలు మీద కూర్చున్నది ఆయా.

కూతురు గబగబా ఒక ముద్ద తన నోట్లో పెట్టుకుంది.

"చూడమ్మా, తింటున్నాను. నేనే నీ పిచ్చుకని."

తల్లి ఆమె మొహంలోకి కాసేపు చూసి, తల గోడవైపు తిప్పుకుంది.

"మీరు మేడం గారు. తింటున్న నా కూతుర్ని గెంటేసింది మీరే కదండీ."