మంత్రిగారి మొలలోతు

అడవి సభలో ఒక ఆచారం ఉండేది. ప్రశ్న అడిగినవాళ్లు సరైన జవాబు వచ్చేదాకా కూర్చోకూడదు. ఆ వేసవిలో నీటికోడి లేచి నిలబడింది. మడుగు ఎండిపోతే దాని పిల్లలు బతకవు మరి!

"మంత్రిగారూ, పూడిక, అదే, అడుగున పేరుకున్న బురద, తీయిస్తామని అందరి దగ్గరా దుంపలు పట్టుకెళ్లారు. తీయించారా?"

"తీయించకేం తల్లీ! ఇప్పుడు మొలలోతు నీళ్లు. ఇక కూర్చో," అంది మడుగుల మంత్రి అడవిపంది, త్రేన్చుతూ.

నీటికోడి కూర్చోలేదు. తిన్నగా నడిచి వెళ్లి మడుగు నట్టనడుమ నిలబడింది. కాలివేళ్లు మాత్రం తడిశాయి.

"ఇదుగో, ఇక్కడే ఉంటాను మంత్రిగారూ. మొలలోతు వచ్చాక కూర్చుంటాను."

సభలోవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లి దాని పక్కన నిలబడ్డారు.

పంది త్రేన్పులు మాని, ముట్టెతో తవ్వడం మొదలుపెట్టింది.