గిజిగాడు వేసిన ముడి

బావి మీదికి వంగిన ఈతమట్టకు తండ్రి నిరుడు అల్లిన గూడొకటి వేలాడుతుంటే, గిజిగాడు అందులోనే కాపురం పెట్టాడు.

"గడ్డి ఎండిపోయిందయ్యా, కొత్తది అల్లవూ? దేవుడు ముక్కెందుకిచ్చాడు?" అంది ఆలి.

"తినడానికి! మా నాన్న వేసిన ముడి ఊడుతుందటే?" అని నవ్వాడు.

తొలకరి గాలికి గూడు తెగి, రెండు గుడ్లతో సహా బావిలో పడింది. ఆలి తిట్టలేదు. అతని వంక చూడటమే మానేసింది.

గిజిగాడు చెరుకుతోటకెళ్లి పచ్చి ఆకు చీల్చి తెచ్చాడు. ముడి వేస్తే జారింది, మళ్లీ వేస్తే మళ్లీ జారింది. ముక్కు కోసుకుపోయి నెత్తురొచ్చింది. మూడోనాటికి ఒక్క ముడి నిలిచింది. లాగి చూశాడు, కదల్లేదు. అంత దుఃఖంలోనూ అతని గుండె కాస్త కుదుటపడింది.

ఆలి వచ్చి ఆ ముడిని ముక్కుతో గట్టిగా గుంజింది. ఒకసారి బావిలోకి చూసింది.

"ఇంకోటి వెయ్యి" అంది.