మొదటి బిళ్ల

"ఆ టోకెన్ నీకెక్కడిది?"

నర్సు గద్దించేసరికి కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేసే అమ్మాయి బెదిరిపోయింది.

"నువ్వొచ్చి పావుగంట కూడా కాలేదు. మొదటి బిళ్ల నీ చేతికెలా వచ్చింది?"

ఆ అమ్మాయి తలుపు పక్కనున్న కుర్చీ వైపు చూసింది.

అక్కడ గొడుగాయన కూర్చుని ఉన్నాడు.

ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండాల్సిందే. అందుకే అందరూ ఆయన్ని అలా పిలుస్తారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

అది మనసు బాగోలేని వాళ్లకోసం ఊరికి ఈ చివర పెట్టిన క్లినిక్. ఆ చివర, పెద్ద ఇళ్లవైపు, రోజూ డాక్టర్లుంటారు. ఇటువైపు వారానికోసారి ఒకే ఒక్క డాక్టరు వస్తాడు. ఇటువాళ్ల మనసులు వారానికోసారే పాడవుతాయని పైవాళ్ల లెక్క కాబోలు.

పొద్దున్నే గేటు దగ్గర వాచ్‌మన్ అంకెలేసిన రేకు బిళ్లలు పంచుతాడు. ముందొచ్చినవాళ్లకి ముందు బిళ్ల. పేరు రాసుకునేది లోపల, డాక్టరు ముందు కూర్చున్నాకే. భోజనం వేళకి డాక్టరు కారెక్కేస్తాడు. చివరి బిళ్లలవాళ్లకి ఆయన వీపే దర్శనం.

బెల్లు మోగింది. అమ్మాయి లోపలికి వెళ్లింది. నర్సు గొడుగాయన మీదకి తిరిగింది.

"ఏమయ్యా, బిళ్ల ఎంతకమ్మావు?"

"అమ్మలేదమ్మా. ఆ పిల్ల రావడమే ఏడుస్తూ వచ్చింది. వెళ్లిపోతానని లేచింది. ఇప్పుడు వెళ్తే మళ్లీ రాదు. అందుకని ఇచ్చా."

"మరి నీ సంగతి?"

"నాకేం తొందర? వచ్చే వారం చూసుకుంటాలే."

"తొందర లేనివాడివి తెల్లారకముందే వచ్చి గేటు పట్టుకుని ఎందుకు నిలబడతావు?"

గొడుగాయన నవ్వాడు.

ఆ నవ్వుకి నర్సుకి ఒళ్లు మండింది. దళారీలు ఇలాగే నవ్వుతారని ఆమె గట్టి నమ్మకం. ప్రతి వారం ఇదే తంతు. మొదటి బిళ్ల తీసుకుంటాడు, బిక్కుబిక్కుమంటున్న వాళ్లెవరికో ఇచ్చేస్తాడు, వాళ్ల పక్కన కూర్చుని ఏవో కబుర్లు చెబుతాడు. ఊరికే ఎవరు చేస్తారిదంతా?

ఆ తర్వాతి వారం కార్లలో పరిశోధకులు దిగారు. పేదల వాడల్లో జనం మనోవైద్యాన్ని మధ్యలో ఎందుకు మానేస్తున్నారో తేల్చడం వాళ్ల పని. డాక్టరు గదిలో ఫ్యాను కింద కూర్చుని తేల్చారు. హాల్లోవాళ్లని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవారు. వాళ్లనెవరూ అడగలేదు.

"అవగాహన లేదండీ వీళ్లకి" అన్నాడు డాక్టరు.

"బిళ్లల వ్యాపారం కూడా నడుస్తోంది సార్" అంది నర్సు.

అందరిలోకీ పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "అయ్యయ్యో! ముందు అది ఆపించండి."

మరుసటి వారం నర్సే గేటు దగ్గర కాపు కాసింది.

గొడుగాయన చేతిలో ఎప్పట్లాగే మొదటి బిళ్ల ఉంది. గడ్డం మాసి ఉంది. చంకలో గొడుగు లేదు.

"ఆ బిళ్ల ఇలా ఇవ్వు."

"ఇవాళ ఎవరికీ ఇవ్వనమ్మా. నేనే లోపలికి వెళ్లాలి."

"ఇన్నాళ్లూ లేని రోగం ఇవాళ పుట్టుకొచ్చిందా?"

"ఒక్కసారి డాక్టరుగారితో మాట్లాడనివ్వు తల్లీ. ఇక నావల్ల కావడం లేదు."

"నా దగ్గరా నీ నాటకాలు? మళ్లీ ఈ ఛాయలకొచ్చావంటే పోలీసుల్ని పిలుస్తా."

బిళ్ల లాక్కుంది. ఆయన ఖాళీ అరచేతిని కాసేపు చూసుకుని వెళ్లిపోయాడు.

వారాలు గడిచేకొద్దీ హాలు పలచబడింది. భయపడి లేచిపోయేవాళ్లని "కూర్చో తల్లీ, నేనున్నాగా" అనే మనిషి లేడు. కుట్టుమిషన్ల అమ్మాయి కూడా ఓ రోజు కూర్చున్నదల్లా లేచి తలుపు దాటి వెళ్లింది. ఇక వెనక్కి రాలేదు.

పైవాళ్లు మాత్రం తెగ మెచ్చుకున్నారు. రద్దీ సగానికి తగ్గిందట. రావడం మానేసిన రోగి అంటే వాళ్ల దృష్టిలో నయమైన రోగి. నర్సుని అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టారు.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె చంకలో ఉన్న గొడుగుని నర్సు గుర్తుపట్టింది.

"డాక్టరుగారిని చూడాలమ్మా. చూపించుకోడానికి కాదు. ఒక్క మంచి మాట చెప్పి పోదామని."

"ఈ గొడుగాయన... నీకేమవుతాడు?"

"మా ఇంటాయన. పోయిన నెలలో పోయాడమ్మా."

పెద్దావిడ చంకలో గొడుగుని సర్దుకుని చెప్పుకుపోయింది.

"డాక్టరుగారు చెయ్యాల్సిందంతా చేశారు, తప్పెవరిదీ కాదు. ప్రతి వారం ఎంతో ఓపిగ్గా మాట్లాడేవారట కదా. 'ఇవాళ డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పారే' అని ఇంటికొచ్చి చెప్పేవాడు. ఆ మాటల మీదే ఇన్నేళ్లు లాక్కొచ్చాడు. మాలాంటివాళ్లకి అంతసేపు ఎవరు కేటాయిస్తారమ్మా?"

డాక్టరు తాళంచెవులు ఊపుకుంటూ కారు వైపు నడుస్తున్నాడు.

"ఆయనేనా అమ్మా?" అంటూ పెద్దావిడ గబగబా ఎదురెళ్లింది.

నర్సు ఆమె వెనకే రెండడుగులు వేసి ఆగిపోయింది. క్లినిక్ తెరిచిన రోజు నుంచీ ప్రతి వారం మొదటి బిళ్ల అందుకున్న ఆ రోగి, డాక్టరు గది గడప ఒక్కసారి కూడా తొక్కలేదు.