బాచిగారిల్లు

పాత రూటర్ కాలిపోయిందని ఇంట్లో సంతోషించింది నేనొక్కణ్ణే. కొత్తది బిగించి మెకానిక్ వెళ్ళిపోయాడు.

"పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టెయ్యండి. అన్నీ వాటంతటవే కలుస్తాయి," అంది మా ఆవిడ.

పాత పేరు 'బాచిగారిల్లు'. బాచి మా ఆవిడ మొదటి భర్త. పోయి నాలుగేళ్ళయింది. నేనీ ఇంట్లోకి వచ్చి ఏడాదవుతున్నా, ఏ ఫోను తెరిచినా ఆయనే పలకరిస్తున్నాడు. చనిపోయినవాడి మీద కుళ్ళుకోవడం సిగ్గుచేటని తెలుసు. అయినా కడుపుమంట ఆగదు.

కొత్త వైఫైకి నా పేరు పెట్టాను. టీవీ, ప్రింటర్, హాల్లో లైటు... ఒక్కొక్కదాన్నీ కొత్తగా కలుపుతూ మధ్యాహ్నమంతా ఇల్లు చుట్టబెట్టాను. ప్రింటర్ మొండికేసింది. నేనూ మొండికేశాను.

ఇంతలో వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప ట్యాబు పట్టుకుని వచ్చింది.

"అంకుల్, మన ఇల్లు కనపడట్లేదు. అన్నీ పక్కింటివాళ్ళవే ఉన్నాయి."

చూశాను. వరసలో అన్నిటికంటే పైన ఉన్నది నా పేరే.

"పాత పాస్‌వర్డ్ ఏంటి?" అని కేకేశాను. వంటింట్లోంచి మా ఆవిడ తడుముకోకుండా చెప్పింది.

నా పేరు చెరిపేసి 'బాచిగారిల్లు' అని కొట్టాను. ట్యాబు కలిసింది. టీవీ కలిసింది. అంతసేపు నన్ను సతాయించిన ప్రింటర్ బుద్ధిగా పచ్చలైటు వెలిగించింది.

జేబులోంచి నా ఫోను తీశాను. అదీ, నన్నొక్క మాటైనా అడక్కుండా, ఎప్పుడో బాచిగారింట్లో చేరిపోయింది.